మత్తు దిగి, గొంతులో ట్యూబు తీశాక పిల్లాడు హాయిగా లేవాలంటే

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ బాబుకి నాలుగేళ్ళు, వచ్చే బుధవారం టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ) ఆపరేషన్. పోయిన నెల మీ గాజువాకలోనే పక్కింటి పాపకి ఇదే ఆపరేషన్ చేస్తే, మత్తు దిగాక అరగంటసేపు కేకలు పెట్టిందనీ, కన్నతల్లినే గుర్తుపట్టలేదనీ, రెండు రోజులు గొంతు బొంగురు పోయిందనీ విన్నారు. అప్పటినుంచి మీకు నిద్ర పట్టడం లేదు. ట్యూబు పెడితే మాట పోతుందా, తీసేటప్పుడు బాబుకి తెలుస్తుందా, లేచేసరికి నన్ను పక్కన ఉండనిస్తారా, పది రోజులుగా ఉన్న జలుబు సంగతి డాక్టరుకి చెప్పాలా వద్దా అని అడిగారు.

చివరి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. చెప్పాలి, ఆలస్యం చెయ్యకుండా చెప్పాలి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను మత్తు డాక్టర్ని. కేజీహెచ్‌లో (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) చదువుకున్న రోజుల నుంచి లెక్కేస్తే ఇరవై రెండేళ్ళుగా విశాఖలోనే ఈ పని చేస్తున్నాను, నా కేసుల్లో సగానికి పైగా పిల్లలవే. ఇన్నేళ్ళలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటుంది. పిల్లలు ఎలా నిద్రపోతారో అలాగే లేస్తారు. ఏడుస్తూ, నలుగురు పట్టుకుంటే పెనుగులాడుతూ మత్తులోకి వెళ్ళిన పిల్లాడు చాలావరకు ఏడుస్తూనే లేస్తాడు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఫోన్‌లో బొమ్మలు చూస్తూ కళ్ళు మూసినవాడు అంత కంగారు పడడు. అందుకే మీ భయం ట్యూబు తీశాక సంగతి గురించే అయినా, ట్యూబు పెట్టకముందే మీ ఇంట్లో జరగాల్సిన వాటి గురించి కూడా రాయాల్సి వస్తోంది.

ముందు ట్యూబు సంగతి, అంటే మత్తులో ఉన్నంతసేపు ఊపిరాడడానికి శ్వాసనాళంలోకి పెట్టే గొట్టం. దాన్ని ఎవరూ కళ్ళారా చూసి ఉండరు కాబట్టి ఊహలో అది చాలా పెద్దదైపోతుంది. నాలుగేళ్ళ పిల్లాడికి పెట్టే ట్యూబు లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. ఇంచుమించు జ్యూస్ డబ్బాతో వచ్చే స్ట్రా అంత. మెత్తటి ప్లాస్టిక్కు. బాబు పూర్తిగా నిద్రపోయాకే పెడతాం కాబట్టి పెట్టిన సంగతే వాడికి తెలియదు. టాన్సిల్స్ ఆపరేషన్లో సర్జన్ పనిచేసేది నోట్లోనే కదా, అక్కడ కారే రక్తం ఊపిరితిత్తుల్లోకి జారకుండా, గాలి దారి మూసుకుపోకుండా ఆ ట్యూబే కాపాడుతుంది. దాని చివర చిన్న బెలూన్ లాంటిది ఉంటుంది, కఫ్ అంటాం. అందులో గాలి మరీ ఎక్కువైతే శ్వాసనాళం లోపలి పొర నొక్కుకుపోయి వాస్తుంది. అందుకే పిల్లల్లో ఆ ఒత్తిడి 20 సెంటీమీటర్ల నీటిమట్టానికి మించకుండా చిన్న మీటరుతో కొలుచుకుంటాం. ట్యూబు వెళ్ళేది స్వరతంత్రుల మధ్య నుంచి. అందుకే ఒకటి రెండు రోజులు గొంతు బొంగురుగా, గీరుకుపోయినట్టుగా ఉండొచ్చు. మాట పోదు. బొంగురు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.

పెద్దవాళ్ళకి గొంతు నొప్పితో పోయేది పిల్లల్లో ఎందుకంత జాగ్రత్తగా చూస్తామంటే, వాళ్ళ గాలి గొట్టం మరీ సన్నం. పసిబిడ్డ గొట్టం ఇరుకైన చోట నాలుగు మిల్లీమీటర్లు ఉందనుకోండి. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచిందంటే వెడల్పు రెండుకి పడిపోతుంది. అంటే సగం కష్టమని కాదు. గాలి పోవడానికి అడ్డు పదహారు రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్ళకి అదే ఒక మిల్లీమీటరు వాపు వస్తే కాస్త గరగరగా ఉంటుంది, అంతే. మీ బాబుకి నాలుగేళ్ళు కాబట్టి పసిబిడ్డకున్నంత ఇబ్బంది లేదు. కానీ లెక్క అదే. సరైన సైజు ట్యూబు, కొలిచిన ఒత్తిడి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకుండా మొదటిసారే మెత్తగా పెట్టడం, ఆపరేషన్ మధ్యలో తల తిప్పేటప్పుడు ట్యూబు రాసుకోకుండా చూడడం... ట్యూబు తీశాక వచ్చే బాధలో చాలా భాగం వీటితోనే తగ్గిపోతుంది. ఇవి మా పని. మీరు చెయ్యగలిగింది ఒక్క చిన్న సాయం. ఆ రోజు పొద్దున్న బాబు ముఖానికి నూనె, పౌడరు, క్రీము ఏవీ రాయకండి. చెంప జిడ్డుగా ఉంటే ట్యూబు ప్లాస్టరు అంటుకోదు. ఎక్కువ ప్లాస్టరు వెయ్యాల్సి వస్తుంది, తీసేటప్పుడు చెంప కందిపోతుంది.

ఇక తీయడం. ఇది దగ్గరుండి చూసినట్టు చెబుతాను, మీ భయం కొంత తగ్గుతుందేమో. సర్జన్ రక్తం పూర్తిగా ఆగిందని చూసుకున్నాక, బాబు ఇంకా గాఢమైన మత్తులో ఉండగానే నోరంతా సక్షన్‌తో (తడిని పీల్చే గొట్టంతో) శుభ్రం చేసేస్తాం. తర్వాత ఒక పక్కకి తిప్పి పడుకోబెడతాం, చొంగ గానీ రక్తం గానీ ఉంటే గొంతులోకి కాకుండా బయటికి కారేలా. చెంప మీది ప్లాస్టరుని సెలైన్ నీళ్ళతో తడిపి వదులు చేస్తాం. అంతే, ఇక అక్కడినుంచి ఎవరూ ముట్టుకోకూడదు. పేరు పెట్టి పిలవం, బుగ్గ మీద తట్టం, కదపం. ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) మాటలు ఆపమంటాను. వెనక స్టీలు గిన్నెలు సర్దుతున్న సిస్టర్‌ని కూడా రెండు నిమిషాలు ఆగమంటాను. ముందు ఊపిరి ఒక తీరుకి వస్తుంది. కాసేపటికి కనుబొమలు ముడిపడతాయి. ఒకసారి గుటక వేస్తాడు. కళ్ళు తెరుస్తాడు, రెండు కళ్ళూ ఒకే వైపు చూస్తాయి. చెయ్యి మెల్లగా లేచి ట్యూబు వైపు వస్తుంది. నేను ఎదురుచూసేది ఆ చెయ్యి కోసమే. ఇదేదో నా నోట్లో ఉంది, తీసెయ్యాలి అని పిల్లాడికి అనిపించిందంటే మెదడు లేచినట్టు. అప్పుడు ఊపిరితిత్తుల నిండా ఆక్సిజన్ నింపి, కఫ్‌లో గాలి తీసేసి, ఆ నిండు ఊపిరి మీద ట్యూబు బయటికి తీస్తాను. లోపల్నుంచి వచ్చే మొదటి గాలి దగ్గులా వస్తుంది, దాంతో గొంతులో మిగిలిన తడి కూడా వచ్చేస్తుంది. వెంటనే మాస్కుతో ఆక్సిజన్. ట్యూబు బయటికి రావడానికి పట్టేది నాలుగైదు సెకన్లు. అంతకుముందు ఓపిగ్గా ఊరుకోవడమే అసలు కష్టం.

కొందరు డాక్టర్లు పిల్లాడు గాఢ నిద్రలో ఉండగానే, ఊపిరి బాగా తీసుకుంటున్నాడని చూసుకుని ట్యూబు తీసేస్తారు. అలా అయితే దగ్గు తక్కువ వస్తుంది. రెండూ సరైన పద్ధతులే. ఏది ఎప్పుడనేది పిల్లాణ్ణి బట్టి, ఆపరేషన్ని బట్టి ఉంటుంది. తీయకూడనిది ఈ రెంటికీ మధ్య, అటు నిద్రా కాక ఇటు మెలకువా కాక ఉన్నప్పుడు. ఆ దశలో గొంతు అతి సున్నితంగా ఉంటుంది. ఒక్క చుక్క లాలాజలం తగిలినా స్వరతంత్రులు గట్టిగా మూసుకుపోతాయి. దాన్ని లారింగోస్పాజమ్ అంటాం. జలుబు ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. జలుబు సంగతి ఇక్కడే వస్తుంది.

చాలా ఏళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో ఐదేళ్ళ పాపకి హెర్నియా ఆపరేషన్. వాళ్ళది ఏజెన్సీ ఊరు. తేదీ కోసం మూడు నెలలు తిరిగారు. ముందు రోజు రాత్రి పాపకి జ్వరం, దగ్గు. చెబితే వాయిదా వేస్తారని భయపడి, తెల్లవారుజామున జ్వరం మందు పోసి తీసుకొచ్చారు. నేను ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చూశాను, బాగానే ఉంది. జలుబు ఉందా అని తండ్రిని అడిగితే లేదన్నాడు. ఆపరేషన్ చక్కగా అయిపోయింది. ట్యూబు తీసిన మరుక్షణం పాప ఊపిరి ఆగింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, లోపలికి గాలి పోవడం లేదు, శబ్దం అన్నది లేదు. వేలికి పెట్టిన యంత్రం టింగు టింగుమంటూ, ఆక్సిజన్ తగ్గేకొద్దీ స్వరం మందగిస్తూ పోతుంది. ఆ శబ్దం విన్నవాళ్ళెవరూ మర్చిపోలేరు. మాస్కు గట్టిగా అదిమి ఆక్సిజన్ ఒత్తిడితో ఇస్తూ, రెండు చెవుల తమ్మెల వెనక గుంటలో దవడని ముందుకి నొక్కిపట్టి, సెలైన్ లైన్లో మందు ఇచ్చాం. రెండు నిమిషాల్లోపే తెరుచుకుంది. పాప బాగుంది, మర్నాడు ఇంటికి వెళ్ళింది. బయట తండ్రికి చెబితే నేల మీద కూలబడిపోయాడు. ఆయన్ని నేను ఒక్క మాట అనలేదు. మూడు నెలల కూలి పోగొట్టుకున్న మనిషి అంతకంటే ఏం చేస్తాడు? రాత్రి పాప పక్కన పడుకున్న నాయనమ్మ ఓటీ బయటే కూర్చుని ఉంది. ఆమెని అడగకపోవడం నా తప్పు. అప్పటినుంచి పిల్ల పక్కన పడుకునే మనిషి ఎవరో కనుక్కుని వాళ్ళనే అడుగుతాను.

మీ బాబుకి ఎడినాయిడ్స్ ఉన్నాయి కాబట్టి ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. అలాంటి పిల్లల్లో జలుబు పూర్తిగా పోయే రోజంటూ రాదు. అందుకని డాక్టరుకి 'జలుబుంది' అని మాత్రం చెబితే చాలదు. రోజూ ఉండేదానికీ ఇప్పటిదానికీ తేడా చెప్పాలి. చీమిడి నీళ్ళలా ఉందా, పచ్చగా చిక్కగా మారిందా, దగ్గులో కఫం గురగురమంటోందా, పిల్లికూతలు ఉన్నాయా, జ్వరం వచ్చిందా, ఆటా తిండీ తగ్గాయా? నీళ్ళ జలుబే అయి, జ్వరం లేక, ఛాతీ శుభ్రంగా ఉంటే అనుభవమున్న డాక్టరు చూసి ముందుకెళ్ళొచ్చు. అవసరమైతే ముందుగా సాల్‌బ్యుటమాల్ నెబ్యులైజేషన్ (గాలి గొట్టాలు తెరుచుకునే మందుని మాస్కుతో ఆవిరిలా పీల్పించడం) ఇస్తాం. జ్వరమో, పచ్చటి కఫంతో దగ్గో, పిల్లికూతలో ఉంటే రెండు నుంచి నాలుగు వారాలు ఆగడమే మంచిది. జలుబు పైకి తగ్గినా గొంతు, ఊపిరితిత్తుల చిరాకు కొన్ని వారాలు అలాగే ఉంటుంది. టాన్సిల్స్ నెల రోజులు ఆగుతాయి. ఆరోగ్యశ్రీలో అనుమతి వచ్చేసింది, మళ్ళీ తిరగాలేమో అని దాచేవాళ్ళని చూస్తుంటాను. వాయిదా వేసేటప్పుడు కొత్త తేదీ రాయించుకునే వెళ్ళండి, ఆ మాట గట్టిగా అడగండి.

పొగ గురించీ చెప్పాలి, మన వైపు దీన్ని ఎవరూ అడగరు. ఇంట్లో సిగరెట్టు, బీడీ, చుట్ట తాగేవాళ్ళుంటే పిల్లలకి ట్యూబు తీశాక దగ్గు, గొంతు బిగుసుకోవడం ఎక్కువగా వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం, మన విశాఖ పల్లెల్లో కొందరు నాయనమ్మలకి అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతూనే మనవణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంటారు. కోప్పడకుండా, ఈ వారం మాత్రం బయట అరుగు మీద తాగమని, తాగాక చీర మార్చుకుని పిల్లాణ్ణి ఎత్తుకోమని చెప్పండి. మనవడి కోసమంటే వింటారు, నా అనుభవం ఇది. తలంటాక వేసే సాంబ్రాణి, దోమల కాయిల్ కూడా ఈ వారానికి ఆపెయ్యండి.

బాబుకి ఏం చెప్పాలి? నిజం చెప్పండి, వాడి వయసుకి సరిపోయేంత. 'ఐస్‌క్రీం కొట్టుకి వెళ్తున్నాం' అని ఆసుపత్రికి తెచ్చిన పిల్లాడు మాస్కు చూడగానే తల్లిని కూడా నమ్మడం మానేస్తాడు. ఆదివారమో సోమవారమో ఆడుకుంటూ చెప్పండి. 'గొంతులో ఉండలు రాత్రిపూట నీకు ఊపిరాడనివ్వడం లేదు కదా, డాక్టరు వాటిని తీసేస్తారు. నీకో మాస్కు ఇస్తారు, బెలూన్ ఊదినట్టు ఊదితే నిద్రొస్తుంది. నిద్రలో నీకేం తెలీదు. లేచాక గొంతు నొప్పిగా ఉంటుంది, చేతికి కట్టు ఉంటుంది, మందు వేస్తారు, నేను వచ్చేస్తాను.' లేచాక గొంతు నొప్పి ఉంటుందని ముందే తెలిసిన పిల్లాడికి, ఆ నొప్పి రాగానే ఇది అమ్మ చెప్పిందే అనిపిస్తుంది. చెప్పని పిల్లాడికి అది ప్రపంచం మునిగిపోవడమే. నెబ్యులైజర్ మాస్కు ఇంట్లో ఉంటే బొమ్మకి పెట్టి ఆడించండి. ఆసుపత్రిలో బాగా బెదిరిపోతే మిడజోలామ్ అనే మందు నోట్లో పోస్తాం, ఇరవై ముప్పై నిమిషాల్లో భయం సద్దుమణుగుతుంది. ముక్కులో చుక్కలుగా ఇచ్చే మందులూ ఉన్నాయి. బాబు మొండివాడైతే ముందే చెప్పండి, మాకు అది ఉపయోగపడుతుంది.

ఆకలి ఇంకో పెద్ద కారణం. 'రాత్రి పన్నెండు తర్వాత ఏమీ ఇవ్వొద్దు' అనే పాత మాట ఇంకా చాలామంది పట్టుకుని ఉన్నారు. ఆపరేషన్ పదకొండుకి అయితే పిల్లాడు పదకొండు గంటలు గుక్క నీళ్ళు లేకుండా ఉంటాడు. నోరెండి, నీరసించి, విసుగెత్తిపోయిన పిల్లాడు లేచాక శాంతంగా ఎలా ఉంటాడు? లెక్క ఇది. అన్నం, బిస్కెట్టు, ఆవుపాలు, గేదెపాలు, మజ్జిగ, పాలు పోసిన టీ అయితే ఆరు గంటల ముందు ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల ముందు. మంచినీళ్ళు, గ్లూకోజు నీళ్ళు, గుజ్జు లేని యాపిల్ రసం రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. యూరప్‌లో చాలా చోట్ల పిల్లలకి నీళ్ళు గంట ముందు వరకు ఇస్తున్నారు. మీ మత్తు డాక్టర్ని 'మా బాబు వంతు ఎన్నింటికి, నీళ్ళు ఎప్పటివరకు పట్టొచ్చు' అని అడిగి రాసుకోండి, ఆవిడో ఆయనో చెప్పిందే పాటించండి. పొరపాటున ఇంట్లో ఎవరైనా జాలిపడి ఒక బిస్కెట్టు పెట్టినా దాచకండి. కడుపులో ఉన్నది ట్యూబు తీసేటప్పుడు వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతే అది నిజమైన ప్రమాదం.

పళ్ళు కదులుతున్నాయేమో చూసి చెప్పండి. నాలుగేళ్ళకి సాధారణంగా కదలవు గానీ, దెబ్బ తగిలి వదులైన పన్ను ఉండొచ్చు. గోళ్ళ రంగు ఉంటే తుడిచెయ్యండి, వేలికి పెట్టే యంత్రం సరిగ్గా చదవదు. వెండి మొలతాడు తీసి మీ దగ్గర పెట్టుకోండి, లేచాక మళ్ళీ కట్టుకోవచ్చు.

పక్కింటి పాపకి జరిగింది ఏమిటో ఇప్పుడు చెబుతాను. దాన్ని ఎమర్జెన్స్ డెలీరియం అంటాం. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లల్లో, అందులోనూ సెవోఫ్లూరేన్ అనే వాయువుతో మత్తు ఇచ్చినప్పుడు, గొంతు ముక్కు ఆపరేషన్లలో ఎక్కువ. ఒళ్ళు లేస్తుంది, మెదడు ఇంకా పూర్తిగా లేవదు. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ మీ వంక చూడవు, మీ వెనకున్న గోడని చూస్తున్నట్టుంటాయి. కాళ్ళు తన్నుకుంటాడు, ఎత్తుకుంటే జారిపోతాడు, దించితే ఇంకా ఏడుస్తాడు. తల్లి గుండె తరుక్కుపోతుంది. ఇది దిష్టి కాదు, గాలి సోకడం కాదు, మెదడుకి దెబ్బ తగలడం అసలే కాదు. చాలావరకు పావుగంట నుంచి అరగంటలో దానంతట అదే పోతుంది. మళ్ళీ కాస్త నిద్రపోయి లేచేసరికి మామూలు పిల్లాడు, జరిగింది వాడికి గుర్తు కూడా ఉండదు. నొప్పితో ఏడ్చే పిల్లాడు మీ కళ్ళలోకి చూస్తాడు, మీ మెడ పట్టుకుంటాడు, గొంతు చూపిస్తాడు. తేడా అక్కడ తెలుస్తుంది. నొప్పయితే నొప్పి మందు వేస్తారు.

ఇలా రాకుండా ఆపరేషన్ చివర్లో ప్రొపోఫాల్, డెక్స్‌మెడిటోమిడిన్ అనే నిద్ర మందుల్లో ఒకటి కొద్దిగా ఇస్తే చాలా తగ్గుతుంది. నొప్పి మందు లేచాక కాకుండా లేవకముందే ఇవ్వాలి. వాంతులకి ఒండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ ఇస్తాం. డెక్సామెథసోన్ వాపునీ తగ్గిస్తుంది కాబట్టి గొంతుకీ మంచిదే. 'పక్కింటి పాప ఇలా లేచిందండీ, మా వాడికి అలా కాకుండా ఏమైనా చేస్తారా' అని ముందే మీ డాక్టర్ని అడగండి. అడగడంలో తప్పేం లేదు, నన్ను అడిగితే నాకు సంతోషం.

రికవరీలోకి, అంటే ఆపరేషన్ అయ్యాక మత్తు దిగేదాకా ఉంచే గదిలోకి, మిమ్మల్ని రానిస్తారా అన్నారు. ఒక్కో ఆసుపత్రిది ఒక్కో పద్ధతి. రానివ్వాలనే నా అభిప్రాయం, నేను పనిచేసేచోట పట్టుబట్టి మరీ తల్లినో తండ్రినో ఒకరిని పిలిపిస్తాను, పిల్లాడి ఊపిరి కుదుటపడ్డాక. చేరేటప్పుడే ఈ సంగతి మాట్లాడుకోండి. ఒకరే లోపలికి వెళ్ళండి, ఏడుపు ఆపుకోగలిగినవాళ్ళు. లోపలికి వెళ్ళాక గట్టిగా పిలవకండి, 'కళ్ళు తెరువు నాన్నా, అమ్మొచ్చింది చూడు' అని కుదపకండి. నిద్రపోతుంటే పోనివ్వండి. ఎంత మెల్లగా లేస్తే అంత మంచిది. పక్కకి తిరిగే పడుకోనివ్వండి. పెనుగులాడుతుంటే తల మంచం కమ్మీకి తగలకుండా, సెలైన్ సూది ఊడిపోకుండా చూసుకుంటూ, వీపు మీద చెయ్యి వేసి ఒకే మాట మెల్లగా చెబుతూ ఉండండి. రోజూ మీరు జోకొట్టేటప్పుడు పాడేది పాడండి. మీ పాత నూలు చీర ముక్క ఒకటి తీసుకెళ్ళండి, ఆ వాసన పిల్లలకి మందు లాంటిది.

ఇంకో చిన్న సంగతి. ఆసుపత్రి కాగితాల్లో వాడి పేరు మూడు ముక్కల పెద్ద పేరు ఉంటుంది. ఇంట్లో చిన్నూ అనో, నాని అనో, బుజ్జి అనో పిలుస్తారు. రికవరీలో సిస్టర్ ఆ పెద్ద పేరుతో పిలిస్తే పిల్లాడికి అది తన పేరనే తోచదు. కేసు షీటు పైన ఆ పెద్ద పేరుతో పాటు ముద్దుపేరు కూడా రాయించండి. పాడేరు వైపు నుంచి, ఒడిశా కోరాపుట్ నుంచి వచ్చే పిల్లల్లో కొందరికి తెలుగే రాదు. వాళ్ళ భాషలో 'అమ్మ వస్తోంది', 'నొప్పిగా ఉందా' అనే రెండు మాటలు నేను తల్లుల దగ్గర అడిగి చేతి మీద రాసుకుంటాను. ఆ రెండు మాటలకే ఊరుకున్న పిల్లలు ఉన్నారు.

ట్యూబు తీసిన తర్వాత మొదటి కొద్ది గంటల్లో ఒకటి గమనించాలి. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు కీచుమనే శబ్దం, కుక్క మొరిగినట్టు దగ్గు. ఇందాక చెప్పిన వాపు వల్ల వచ్చేది ఇదే. వెంటనే సిస్టర్‌కి చెప్పండి, పిల్లాణ్ణి ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి, ఏడిపించకండి, ఏడిస్తే ఇరుకు ఇంకా ఇరుకవుతుంది. ఆడ్రినలిన్‌ని నెబ్యులైజర్లో ఇస్తే నిమిషాల్లో తెరిపి ఇస్తుంది. దాని ప్రభావం రెండు గంటల్లో తగ్గిపోయి శబ్దం మళ్ళీ రావచ్చు కాబట్టి, బాగైపోయాడు కదా అని అప్పుడే ఇంటికి బయల్దేరకూడదు. బాబు రాత్రి గురకలో ఊపిరి ఆగి ఆగి తీసుకుంటాడని రాశారు. అలాంటి పిల్లల్ని ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి ఆక్సిజన్ చూస్తూ ఉండాలి. వాళ్ళు పంపించేస్తామన్నా మీరు ఉంటామనండి.

ఇంటికి వెళ్ళేటప్పుడు బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్ళకండి. ఆటోనో కారో మాట్లాడుకోండి. ఒకరు పక్కన కూర్చుని తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుకోకుండా చూడాలి. టాన్సిల్స్ తీసినచోట ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య పొక్కు ఊడి రక్తం రావడం కొందరిలో ఉంటుంది. కాబట్టి ఆ పది రోజులూ ఆసుపత్రికి దగ్గరగా ఉండండి. మొక్కు తీర్చుకోవడానికో, సెలవులు కదా అని అరకు ఘాట్ రోడ్డు ఎక్కి బంధువుల ఊరికో వెళ్ళొద్దు. నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తున్నాడంటే రక్తం మింగుతున్నాడేమోనని టార్చి వేసి చూడండి. ఎర్రటి రక్తం కనిపిస్తే ఎంత రాత్రయినా వెళ్ళిపోవాలి. గొంతులో తెల్లటి పొర, నోటి దుర్వాసన, చెవి నొప్పి మామూలే.

నొప్పి మందు వాడు ఏడ్చినప్పుడు కాకుండా గడియారం చూసి ఇవ్వండి, రాత్రి నిద్ర లేపైనా సరే, మొదటి రెండు మూడు రోజులు. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. ఇక్కడ పొరపాట్లు చాలా జరుగుతాయి, ఎందుకంటే సీసాలు రకరకాలు. పదిహేను కిలోల పిల్లాడికి 225 మిల్లీగ్రాములు కావాలి. 5 ఎంఎల్‌లో 250 ఉండే సిరప్ అయితే 4.5 ఎంఎల్, 125 ఉండేదైతే 9 ఎంఎల్. చంటిపిల్లల డ్రాప్స్ ఇంకా చిక్కన. సీసా మీద అంకె చదివి, సిరంజితో కొలిచి పట్టండి, చెంచా వద్దు. ఇంట్లో మిగిలిన దగ్గు మందు మాత్రం ముట్టుకోకండి. కోడీన్ ఉన్న మందుల్ని 12 ఏళ్ళలోపు పిల్లలకి అసలు వాడకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో తేల్చి చెప్పింది, కొందరి పిల్లల ఒంట్లో అది ఊపిరి ఆగేంత బలంగా పనిచేస్తుంది. టాన్సిల్స్ తీసిన పిల్లల్లో మరీ ప్రమాదం. ఆస్పిరిన్ కూడా వద్దు.

తిండి కంటే నీళ్ళు ముఖ్యం. గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది, నొప్పికి మింగడు, ఇంకా ఎండుతుంది. గుక్క గుక్కగా పట్టించండి. లేచిన వెంటనే బలవంతంగా తాగించకండి, వాంతవుతుంది. అడిగినప్పుడు ఇవ్వండి. చల్లనివి గొంతుకి పడవని పెద్దవాళ్ళు అంటారు గానీ, ఇక్కడ చల్లటివే హాయి. ఐస్‌క్రీం, చల్లటి పాలు, మెత్తటి పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ బాగుంటాయి. ఏడాది దాటిన పిల్లలకి చెంచా తేనె ఇవ్వొచ్చు, అంతకంటే చిన్నవాళ్ళకి తేనె వద్దు. మిరియాల చారు, ఊరగాయ కొన్నాళ్ళు పక్కన పెట్టండి.

ఆ తర్వాత వారం పది రోజులు రాత్రి ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం, మిమ్మల్ని వదలకుండా కొంగు పట్టుకు తిరగడం ఉండొచ్చు. తిట్టకండి. రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఇంటికొచ్చాక ఎప్పుడైనా ఊపిరి పీలిస్తే మెడ గుంట, పక్కటెముకల మధ్య లోపలికి పోతున్నా, పెదవులు నీలంగా మారినా, లేపినా లేవకపోయినా ఎవరికీ ఫోన్లు చేసి అడగకండి, నేరుగా 108కి చెయ్యండి.

ఇప్పుడు చెయ్యాల్సింది, రేపు పొద్దున్న ఆసుపత్రికి ఫోన్ చేసి ఈఎన్‌టీ డాక్టరుకి కాదు, మత్తు డాక్టరుకి జలుబు సంగతి చెప్పాలని అడగండి, వీలైతే సోమవారమే చూపించండి. మంగళవారం రాత్రి పడుకునేముందు ఒకసారి, బుధవారం లేవగానే ఒకసారి థర్మామీటరు పెట్టి రాసుకోండి. జ్వరం ఉంటే మందు పోయకముందే ఫోన్ చెయ్యండి.